తడి ఇటుక రంగు

మా అత్తయ్య కొట్టుకి ఒక నియమం ఉంది. రావడం మానేసిన మనిషిని ఎందుకు రావడం లేదని అడగకూడదు. దారిలో ఎదురుపడితే నవ్వాలి, ఇంట్లో అందరూ కులాసాయేనా అనాలి, తప్పుకుని వెళ్ళిపోవాలి. అడిగితే వాళ్ళు ఏదో ఒక అబద్ధం చెప్పాల్సి వస్తుందనీ, మనకి అబద్ధం చెప్పిన మనిషి ఇక మొహం చాటేస్తుందే తప్ప గడప తొక్కదనీ ఆవిడ నమ్మకం. నేను కోడలిగా వచ్చిన మొదటి వారంలో విన్న ఉపదేశాల్లో ఇది మూడోది. మొదటి రెండూ నా వంట గురించి. అవి ఇక్కడ అనవసరం.

ముప్పై ఏళ్ళపాటు ఈ నియమం ఆవిడ్ని బాగానే కాపాడింది. ఆ తర్వాత ఇదే ఆవిడ్ని ఏడు నెలలు కాల్చుకు తింది. అందులో సగం పాపం నాది కాబట్టి ఆ సంగతి చెప్పాల్సింది కూడా నేనే.

మాది గుండీలూ దారాలూ అమ్మే కొట్టు. మామయ్య బతికున్న రోజుల్లో సైకిలు వెనక దారాల పెట్టె కట్టుకుని దర్జీల చుట్టూ తిరిగేవాడట. ఆయన పోయేనాటికి మా ఆయనకి నాలుగేళ్ళు. సైకిలు తొక్కడం రాని మా అత్తయ్య, నేను వాళ్ళ దగ్గరికి వెళ్ళలేను గానీ వాళ్ళే నా దగ్గరికి వచ్చేలా చేస్తానని, రెండు వీధులు కలిసే మూల మీద ఒక గది తీసుకుంది. వెడల్పు తొమ్మిది అడుగులు, లోతు పద్నాలుగు. ముందు అద్దాల బల్ల, అందులో గుండీలు. వెనక గోడకి నేల నుంచి పైకప్పు దాకా అరలు, అరల్లో నూట నలభై అట్టపెట్టెలు, పెట్టెల్లో దారపు రీళ్ళు. జిప్పులు మేకులకి వేలాడుతుంటాయి. మా ఆయన ఆ బల్ల కిందే గుండీలతో ఆడుకుంటూ పెరిగాడు. ఇప్పుడు నీటి మీటర్లు చదివే ఉద్యోగం చేస్తున్నా, రోడ్డు మీద గుండీ కనిపిస్తే వంగి జేబులో వేసుకోకుండా ఉండలేడు. వీధి వీధంతా మా అత్తయ్యని గుండీలమ్మ అంటుంది. అసలు పేరుతో పిలిస్తే ఆవిడే పలకదేమో.

దారాల కంపెనీవాళ్ళు ప్రతి రంగుకీ ఒక నంబరు ఇస్తారు. మా అత్తయ్య దానికో పేరు పెడుతుంది. పెట్టె ముందు చిన్న కాగితం అతికించి, నల్ల ఇంకుతో బడిపిల్లలా గుండ్రటి అక్షరాలు రాస్తుంది. చల్లారిన టీ. పాత తాళం. ఉల్లిపొర. దగ్గు మందు. అద్దె ఇంటి గోడ. నలుపే రెండు రకాలు, ఉతికిన నలుపు, ఉతకని నలుపు. ఒక లేత గులాబీ పెట్టె మీద 'ఏడ్చిన ముక్కు' అని చూసి కొత్త కోడలిగా నేను పగలబడి నవ్వాను. ఆవిడ నవ్వలేదు. ఆ రీలు తీసి నా ముక్కు పక్కన పెట్టి పరీక్షగా చూసి, "ఇంకా ఏడవలేదు కదా, నీకు తెలీదులే," అంది.

ఈ పేర్లలో సగం మా అత్తయ్య పెట్టినవి కావు. రఫూ పిన్ని పెట్టినవి.

రఫూ అంటే చిరుగుకి అతుకు వెయ్యడం కాదు, చిరుగు లేకుండా చెయ్యడం. సిగరెట్టు కాలిన కన్నమో, చిమ్మట కొట్టిన చోటో తీసుకుని, ఆ గుడ్డ మొదట ఎలా నేశారో అలాగే సూదితో ఒక పోగు పైనుంచి, ఒక పోగు కిందనుంచి తీస్తూ మళ్ళీ నెయ్యాలి. బాగా చేసిన రఫూ కనపడదు. నేత ఎంత గొప్పగా ఉన్నా దారం రంగు వెంట్రుకవాసి తేడా వచ్చిందంటే పడ్డ కష్టమంతా వృథా. అందుకని రఫూ చేసేవాళ్ళకి సూది కన్నా ముఖ్యం, నమ్మకంగా దారం ఇచ్చే కొట్టు.

ఇరవై ఏడేళ్ళ కిందట ఒక వాన రోజున రఫూ పిన్ని మొదటిసారి మా కొట్టు మెట్టెక్కింది. చేతిలో గుడ్డముక్క లేదు. కోటు పరాయివాళ్ళది, కత్తిరించి తేవడానికి లేదు, వానలో కోటునే తేవడానికి మనసొప్పలేదు. రంగేమిటని మా అత్తయ్య అడిగితే, ఇటుక రంగంది. ఎండిన ఇటుక కాదు, వానకి తడిసి, పైన ఆరి, లోపల ఇంకా తడి ఉన్న ఇటుక. ఇంకొకరైతే ఈవిడకేమైనా తిక్కా అనుకునేవాళ్ళు. మా అత్తయ్య వెనక్కి తిరిగి ఒకే ఒక్క రీలు తీసి ఇచ్చింది. మర్నాడు ఎండ కాసింది. పిన్ని కోటు పట్టుకొచ్చింది. ట్యూబులైటు కింద రంగులు అబద్ధాలాడతాయి కాబట్టి ఇద్దరూ బయటికి వెళ్ళి, ఎండలో కోటు పరిచి, దాని మీద దారం వేసి చూశారు. దారం కనపడలేదట. అక్కడే ఉందని తెలిసి కూడా వేళ్ళతో వెతుక్కోవాల్సి వచ్చిందట. ఆ పూటే వదినా అంటే వదినా అనుకున్నారు. ముందు ఎవరన్నారన్నది ఇప్పటికీ తేలలేదు.

అత్తయ్యకి వదిన అయింది కాబట్టి ఆవిడ నాకు పిన్ని వరస. వరసకి పిన్నే గానీ పెత్తనంలో రెండో అత్త. మంగళవారం, శుక్రవారం, పదకొండు గంటలకి వచ్చేది. బల్ల పక్కన ఒక చెక్క స్టూలు ఉంది, అది ఆవిడది. కూర్చోగానే నా జుట్టు గురించి ఒక మాట, నేను కొలతల టేపు చుట్టే తీరు గురించి ఒక మాట అయ్యాక అసలు కబుర్లు మొదలు. ఆవిడ మోకాలి నొప్పి, అల్లుడి గురక, మేడ మీద నీళ్ళు రాకపోవడం, మా అత్తయ్య నడుము, మా ఆయన మొండితనం. ఎడాపెడా సాగేవి. మధ్యలో బేరాలు వస్తే నేను చూసుకోవాలి. చివరికి "ఎండకి చూద్దాం పద వదినా," అని పిన్ని లేచేది. ఇద్దరూ పేవ్‌మెంటు మీద తలకి తల ఆనించి, ఒక దారపు పోగు పట్టుకుని పావుగంట నిలబడేవాళ్ళు. జనం వాళ్ళని తప్పుకుని నడిచేవాళ్ళు. ఏమీ అక్కర్లేని రోజున కూడా పిన్ని ఒక సూదుల ప్యాకెట్టు కొనకుండా లేచేది కాదు.

నాకు ఒళ్ళు మండేది. దాచుకోవడమెందుకు, ఒక రీలుకి గంటన్నర కూర్చునే మనిషి అంటే ఏ కొట్టులో ఉన్నవాళ్ళకైనా మండుతుంది.

రెండేళ్ళ కిందట మా అత్తయ్య జ్వరంతో పది రోజులు మంచం మీదుంది. కొట్టు నా చేతికొచ్చింది. దర్జీలు వచ్చి కంపెనీ నంబరు చెబితే నాకు దొరికి చావలేదు. దగ్గు మందు నంబరెంతో, అద్దె ఇంటి గోడ నంబరెంతో ఎవరికి తెలుసు? మూడో రోజుకి నా ఓపిక చచ్చింది. కాగితాలన్నీ గోరుతో గీకి పారేసి, ప్రతి పెట్టె మీదా కంపెనీ నంబరు అంటించి, చిన్న నంబరు నుంచి పెద్దదాకా వరసగా సర్దేశాను. మా ఆయన చూసి మెచ్చుకున్నాడు. జ్వరం తగ్గి వచ్చిన అత్తయ్య అరల ముందు చాలాసేపు నిలబడింది. ఒక్క పెట్టెని చేత్తో తడిమి, "బాగుంది, శుభ్రంగా ఉంది," అంది. మెచ్చుకుందనే అనుకున్నాను.

అప్పటి నుంచి ఎవరేం అడిగినా "అమ్మాయ్, నువ్వే తియ్యి," అనేది. నాకు పెద్దరికం ఇస్తోందని లోపల్లోపల పొంగిపోయాను. రఫూ పిన్ని మాత్రం నంబర్లు చెప్పేది కాదు. ఆవిడకి దారం తియ్యడం అత్తయ్య వంతే. ఇంకో మార్పు కూడా వచ్చింది. ఇద్దరూ ఎండకి వెళ్ళడం మానేశారు. "నువ్విచ్చాక చూసేదేముంది వదినా," అనేది పిన్ని. అత్తయ్య కిమ్మనేది కాదు. హమ్మయ్య, పావుగంట కలిసొచ్చిందనుకున్నాను నేను.

నాలుగు నెలలు పోయాక ఒక సోమవారం పొద్దున ఒకాయన చేతి మీద కోటు వేసుకుని వచ్చాడు. ప్రింటింగు ప్రెస్సులో పని, గోళ్ళ చుట్టూ ఇంకు. కోటు వాళ్ళ నాన్నదట. ఆ నాన్న లేడట. మోచేతి దగ్గర చిమ్మట కొడితే ఎవరో పెద్దావిడకి రఫూకి ఇచ్చాడు. ఇప్పుడా రఫూ విప్పించి ఇంకెవరిచేతనైనా చేయించుకోవాలి, సరైన దారం ఇమ్మని అడిగాడు. కోపంగా అనలేదు, నీరసంగా అన్నాడు. అదే ఇంకా బాధగా ఉంది.

మా అత్తయ్య కోటు అందుకుంది. చూడలేదు. మోచేతి దగ్గర వేలితో తడిమింది. ఆ వేలు అక్కడే ఆగిపోయింది.

"నేతలో తప్పు లేదు బాబూ," అంది కాసేపటికి. "ఇంత బాగా ఇంకెవరూ నెయ్యలేరు."

తర్వాత నా వైపు తిరిగి, చాలా మెల్లిగా అడిగింది. "దారం ఏ రంగుంది అమ్మాయ్?"

ఆ ప్రశ్నతో నాకు అర్థమైంది. ఆవిడకి కనపడటం లేదు. కోటు తీసుకుని ఎండలోకి వెళ్ళాను. ఇటుక రంగు గుడ్డ మీద ఊదా రంగు, దెబ్బ తగిలి కమిలిన చోటులా కొట్టొచ్చినట్టు కనపడుతోంది. లోపలికొచ్చి చెప్పాను. మా అత్తయ్య తల పంకించి, "ఆ దారం ఇచ్చింది నేను," అని ఆయనతో అంది. ఎలా జరిగిందో కూడా అప్పుడే నాకు తెలిసింది. కళ్ళలో శుక్లాలు ముదిరి ఏడాది పైనే అయింది. ఏ పెట్టె ఎక్కడుందో చేతికి తెలుసు కాబట్టి ఎవరికీ చెప్పకుండా నెట్టుకొచ్చింది. తడి ఇటుక ఎప్పుడూ భుజమెత్తు అరలో, కుడి నుంచి అయిదోది. ఆ నాలుగు నెలల్లో పిన్ని రంగు దారం అడిగింది ఒక్కసారే, మిగతాదంతా సూదులూ తెల్ల దారమూ. అడగ్గానే చెయ్యి తన అలవాటున తాను అక్కడికే వెళ్ళింది. అక్కడ నేను నంబరు ప్రకారం ఊదా పెట్టాను.

మా అత్తయ్య నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

మర్నాడు మంగళవారం. స్టూలు తుడిచి, మా అత్తయ్య పొద్దున్నుంచీ మనసులో ఏవో మాటలు పేర్చుకుంటూ కూర్చుంది. పదకొండయింది, పన్నెండయింది. పిన్ని రాలేదు. శుక్రవారమూ రాలేదు. ఆ వచ్చే వారమూ లేదు. మా దారం నమ్ముకుని నలుగురిలో పరువు పోగొట్టుకుంది, ఇంకెందుకు వస్తుందని మా అత్తయ్య తీర్మానించేసింది. మా ఆయన సెలవు పెట్టి ఆవిడ్ని కళ్ళ ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. ఒక కన్ను, నెల తేడాలో ఇంకో కన్ను ఆపరేషను అయ్యాయి. కట్టు విప్పాక కొట్టుకి వచ్చి, అరల కేసి చూస్తూ గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఇన్ని రంగులా," అంది. తర్వాత స్టూలు కేసి చూసింది.

పోయిన చూపు తిరిగొచ్చింది. ఆవిడకి ఇక కావలసింది ఒక్కటే. ఆ స్టూలు మీద ఆ మనిషి మళ్ళీ వచ్చి కూర్చోవాలి. కళ్ళు కాయలు కాచేలా ఎదురు చూడటమంటే ఏమిటో నేను ఆ నెలల్లోనే చూశాను. మంగళ, శుక్రవారాల్లో పదకొండింటికి ఎవరు మెట్టెక్కినా ఆవిడ తల లేచేది, మళ్ళీ వాలేది. కొత్త సరుకు వస్తే ఒక్కో రంగులో ఒక రీలు తీసి పక్కన పెట్టేది. ఒకసారి ఎవరో కాళ్ళు నొప్పులని స్టూలు మీద కూర్చోబోతే, దానికి కాలు విరిగిందని చెప్పి లేపేసింది. వెళ్ళి కనుక్కుందామా అత్తయ్యా అని నేనంటే ఒంటికాలి మీద లేచింది. రానివాళ్ళని ఎందుకు రాలేదని అడగడమేమిటి, పైగా తప్పు మనదైనప్పుడు?

ఆ నెలల్లోనే నేను నా తప్పు దిద్దుకోవడం మొదలుపెట్టాను. మధ్యాహ్నాలు బేరం లేనప్పుడు ఆవిడ ఒక్కో పెట్టె దించి రంగు చూసి పేరు చెప్పేది, నేను కాగితం మీద రాసి అతికించేదాన్ని. నంబర్లు కింద చిన్నగా ఉండనిచ్చింది. నూట ముప్పై తొమ్మిది అయ్యాయి. చివరి పెట్టె నా చేతిలో ఉంది, కాగితం మీద 'తడి ఇటుక' అని రాసి పెట్టుకున్నాను కూడా. అంటించనివ్వలేదు. "అది వదిన పెట్టిన పేరు. ఆవిడ వచ్చి అంటిస్తుంది," అంది.

నేను ఆగలేకపోయాను. చెప్పకుండా వెతకాలనుకున్నాను. అప్పుడు బయటపడింది అసలు విడ్డూరం. ఇరవై ఆరేళ్ళ స్నేహంలో పిన్నికి ఏ మోకాలు నొప్పో మాకు తెలుసు, అల్లుడు ఎటు తిరిగి పడుకుంటే గురక పెడతాడో తెలుసు. ఇల్లెక్కడో తెలీదు. పేరు తెలీదు. ఏమని అడగను? వదిన ఇల్లు ఎక్కడండీ అని ఊరంతా తిరగనా? చివరికి గోళ్ళ చుట్టూ ఇంకు గుర్తొచ్చింది. ఊళ్ళో ఉన్న ప్రెస్సులు నాలుగు. మూడోదాంట్లో కోటాయన దొరికాడు. ఐసు ఫ్యాక్టరీ వెనక, ఆకుపచ్చ మెట్లున్న ఇల్లు, మూడో అంతస్తు అని చెప్పాడు.

తలుపు పిన్ని కూతురు తీసింది. పిన్ని కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని ఉంది. ఒళ్ళో పని లేదు. ఆవిడ చేతులు ఊరికే ఉండగా చూడటం అదే మొదటిసారి.

"గుండీలమ్మ కోడలివి కదూ," అంది నేను నోరు విప్పకముందే. "మెట్లు కూడా విసుక్కుంటూ ఎక్కేది నువ్వే."

నా వైపు చూసే అంది గానీ, చూపు నా భుజం పక్కనుంచి వెళ్ళిపోయింది. కళ్ళకి నీటికాసులట. చుట్టూ నుంచి కమ్ముకొచ్చిన చీకటి మధ్యకి వచ్చేసిందట. పోయిన చూపు ఇక రాదని డాక్టరు చెప్పేశాడట. కోటు నేసేనాటికే సగానికి పైగా వేళ్ళతోనే నేసిందట. ఇద్దరు మనుషులు, ఇద్దరికీ కనపడదు, ఒకరికొకరు చెప్పుకోరు. అందుకే కదా ఎండకి వెళ్ళడం మానేసింది. దానికి నేను పావుగంట కలిసొచ్చిందని సంబరపడ్డాను.

అత్తయ్య ఆవిడ కోసం ఎలా చూస్తోందో చెప్పాను. పిన్ని అడ్డంగా తల ఊపింది. తప్పు తనదేనంది. తడి ఇటుక అనబోయి ఇంకేదో అని ఉంటుందట. "మీ అత్త చెయ్యి తప్పదు. ఇరవై ఆరేళ్ళలో ఒక్కసారి తప్పలేదు. నా నోరే తప్పింది. దారం తనదని ఊరంతా మీ అత్తనే అంటారు. ఏ మొహం పెట్టుకుని రాను?"

అప్పుడు చెప్పాను. కాగితాలు గీకేసిన సంగతి, నంబర్ల సంగతి. నీళ్ళు నములుతూనే అంతా చెప్పాను.

"తడి ఇటుకకి నంబరెంత?" అంది పిన్ని.

"మూడొందల పద్దెనిమిది పిన్నీ."

"పాపం," అంది. దారాన్ని అందో, నన్ను అందో తెలియలేదు.

రమ్మని బతిమాలాను. నేను రిక్షాలో తీసుకెళ్ళి మళ్ళీ దింపుతానన్నాను. ఆవిడ ఒప్పుకోలేదు. కొనేదేమీ లేకుండా కొట్టులో స్టూలెక్కి కూర్చోవడం తనకి చేతకాదంది. ఆ మాటకి కూతురు విసుగ్గా నవ్వి, మంచం కింద నుంచి ఒక రేకు డబ్బా లాగి మూత తీసింది. నిండా సూదుల ప్యాకెట్లు. అంచులు కూడా చిరగని ప్యాకెట్లు, కొన్నింటి కాగితం పాతబడి చల్లారిన టీ రంగుకి వచ్చింది. ఇన్నేళ్ళూ ఏ పనీ లేకుండా మా కొట్టుకి వచ్చిన రోజులన్నీ ఆ డబ్బాలో ఉన్నాయి. గంటన్నర కూర్చుంటుందని విసుక్కున్న రోజులు.

కొట్టుకి వచ్చి మా అత్తయ్యకి దాచకుండా చెప్పేశాను. కళ్ళ సంగతి చెప్పినప్పుడు ఆవిడ మొహం చూడలేకపోయాను. సూదుల సంగతి చెబితే మాత్రం ఆశ్చర్యపోలేదు.

"తెలుసు," అంది. "రఫూ సూది ఒకటుంటే ఏళ్ళు వస్తుంది. ఆ సైజు ఇంకెవరూ అడగరు. వదిన కోసమే తెప్పించేదాన్ని."

శుక్రవారం పదిన్నరకి మా అత్తయ్య షట్టరు దించింది. చావుకో రోగానికో తప్ప పనిరోజున ఆ షట్టరు దిగడం ఎవరూ ఎరగరు. పక్క కొట్టువాళ్ళు ఎవరికేమైందని పరుగున వచ్చారు. ఎవరికీ ఏమీ కాలేదనీ, కొనేవాళ్ళ ఇంటికి వెళ్తున్నాననీ చెప్పి, పేరు లేని ఆ పెట్టె చంకన పెట్టుకుని బయల్దేరింది. నేను కాగితం, జిగురు పట్టుకుని వెనకే నడిచాను.

మూడు అంతస్తులు ఎక్కి, ఆయాసం తీరకుండానే పిన్ని ఎదురుగా కూర్చుంది. ఆ ఆయాసం ఎవరిదో పిన్నికి తెలిసిపోయింది, మొహం చూస్తే అర్థమవుతోంది. మా అత్తయ్య తన నియమాన్ని తానే తీసి పక్కన పెట్టింది.

"ఎందుకు రాలేదు వదినా?"

"కనపడక."

"నాకూ కనపడలేదు. నీకు చెప్పలేదు."

"నేనూ చెప్పలేదుగా," అంది పిన్ని. తర్వాత కుర్చీ చేతుల మీద బరువు మోపి లేచింది. "ఎండకి చూద్దాం పద."

చూపు లేని మనిషి ఆ మాట అంటే నాకు ఏడుపాగలేదు. వాళ్ళిద్దరూ ఏడవలేదు. చెయ్యి పట్టుకుని బాల్కనీలోకి వెళ్ళారు. ఎండ బాగా కాస్తోంది. మా అత్తయ్య రీలు నుంచి మూరెడు దారం తీసి పిన్ని అరచేతిలో పరిచింది. ఎప్పట్లాగే తలకి తల ఆనించి నిలబడ్డారు.

"ఎలా ఉంది?"

"పైన ఆరింది వదినా."

"లోపల?"

"లోపల ఇంకా తడిగానే ఉంది."

"అయితే అదే," అంది పిన్ని. వేళ్ళతో పెట్టె అంచు వెతుక్కుని, నేనిచ్చిన కాగితం తనే అంటించింది. తలకిందులుగా అంటింది. నేను చెప్పబోతే మా అత్తయ్య నా చెయ్యి గిల్లింది. నూట నలభై పెట్టెల్లో ఆ ఒక్కటీ ఇప్పటికీ తలకిందులుగానే ఉంది.

తిరిగి వస్తూ, ఆవిడ పేరేమిటో అడిగారా అన్నాను. మా అత్తయ్య నడుస్తున్నది ఆగి, నాలుక కరుచుకుంది. మర్చిపోయిందట. మరుక్షణమే, పేరుతో పనేముంది, వదినే కదా అంది.

మళ్ళీ వారం పిన్ని కొట్టుకి వస్తానంది. కూతురు దగ్గరుండి తీసుకొస్తానంది. మా అత్తయ్య స్టూలుకి కొత్త దిండు కుట్టించింది, ఏ రంగు గుడ్డ కావాలో మూడు రోజులు తేల్చుకోలేక నన్ను చంపుకు తింది. ఆ వారం పిన్నికి జ్వరం. ఆ పై వారం అల్లుడికి బదిలీ. రాత్రంతా రైల్లో ప్రయాణం చేస్తే గానీ చేరని ఊరు. సామాను లారీ ఎక్కించే హడావిడిలో కూతురు కొట్టు దగ్గర ఒక్క నిమిషం ఆగి, ఫోను నంబరు రాసిచ్చి వెళ్ళింది. మా అత్తయ్య ఫోనులో దాన్ని నేనే ఎక్కించాను. పేరు దగ్గర 'వదిన' అని కొట్టాను.

ఇప్పుడు శుక్రవారం పదకొండింటికి ఫోను మోగుతుంది. మా అత్తయ్య బల్ల వదిలి, కొత్తగా వచ్చిన రీలు ఒకటి పట్టుకుని పేవ్‌మెంటు మీదికి వెళ్తుంది. ఒక చేత్తో ఫోను చెవికి ఆనించుకుని, ఇంకో చేత్తో దారం ఎండకి పట్టుకుని, ఎలా ఉందో చెబుతుంది. అటువైపు నుంచి ప్రశ్నలు వస్తాయి. తడా, పొడా, ఎప్పటి ఆకాశం, ఏ గోడ. చివరికి పిన్ని పేరు పెడుతుంది, నేను కాగితం మీద రాస్తాను. బేరాలు ఆగితే ఆగుతాయి, నాకిప్పుడు ఒళ్ళు మండదు. జనం మా అత్తయ్యని తప్పుకుని నడుస్తారు.

ఫోను పెట్టేసే ముందు పిన్ని ప్రతిసారీ ఒకే మాట అంటుంది. "ఒక సూదుల ప్యాకెట్టు పక్కన పెట్టు వదినా, వచ్చినప్పుడు తీసుకుంటాను." అలాగేనని మా అత్తయ్య లోపలికొచ్చి, ఆ సైజు ప్యాకెట్టు ఒకటి తీసి స్టూలు కింద తను పెట్టుకున్న ఇంకో రేకు డబ్బాలో వేస్తుంది. ఆ సైజు ఇప్పటికీ తెప్పిస్తూనే ఉంది. డబ్బా సగం పైగా నిండింది.

ఎప్పుడొస్తావని మాత్రం అడగదు. అడిగితే ఆవిడ అబద్ధం చెప్పాల్సి వస్తుంది.